ఆకుపచ్చగా మారిన కోడి కాలు: వేలు తీసేయాలా?

మీరు అడిగింది ఇదీ: రెండేళ్ల పెట్ట, సుమారు రెండు కిలోల బరువు. మొన్న సాయంత్రం గూటి ఇనుప జాలీలో కాలు ఇరుక్కుని గింజుకుంది. మధ్య వేలి గోరు తొడుగులా ఊడివచ్చింది, రక్తం కారింది, వేలు పక్కకు వంగింది. ఇవాళ చూస్తే వేలి నుంచి అరికాలి దాకా ఆకుపచ్చగా ఉంది. కుంటుతోంది కానీ మేత తింటోంది. కుళ్లిపోతోందేమో, వేలు తీసేయాలా, కట్టు ఎలా కట్టాలి అని మీ ప్రశ్న.

తీసేయవద్దు. చేతిలో కత్తెర ఉంటే ముందు దాన్ని పక్కన పెట్టండి. మీ వర్ణనను బట్టి అది కమిలిన దెబ్బ. చర్మం కింద చిమ్మిన రక్తం విరిగేటప్పుడు మొదట బిలివర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థం పుడుతుంది. మన శరీరంలో ఒక ఎంజైము దాన్ని వెంటనే పసుపుపచ్చని బిలిరుబిన్‌గా మార్చేస్తుంది. కోళ్లలో ఆ ఎంజైము ఉందంటే ఉంది, అంతే. అందుకే మనకు కమిలిన చోటు నీలం నుంచి పసుపుకు తిరిగితే, కోడికి ఎరుపు, ఊదా దాటి రెండో రోజుకో మూడో రోజుకో ముదురాకుపచ్చకు వస్తుంది. వారం పది రోజుల్లో మెల్లగా వెలిసిపోతుంది. మీరు భయపడుతున్న రంగు మానుదల మొదలైందనడానికి గుర్తు.

ఈ సంగతి తెలియక మునుపు నేనూ ఒక పెట్ట వేలు కోయబోయాను. కోళ్లు పెంచడం మొదలుపెట్టిన తొలి ఏడాది అది. తలుపు కింద కాలు పడి, మూడో రోజుకు పాదమంతా పచ్చబడింది. బ్లేడు మరిగించి, దూది పరిచి, పెట్టను తువ్వాల్లో చుట్టుకుని కూర్చున్నాను. అటుగా వచ్చిన ఒక పెద్దావిడ, జీవితమంతా కోళ్లతో గడిపిన మనిషి, ఆ పాదాన్ని ముక్కు దగ్గరకు తీసుకుని వాసన చూసింది. “వాసన లేదు నాయనా, వెచ్చగానే ఉంది. వారం ఆగు. కుళ్లేదైతే అప్పటికి నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు” అంది. ఆ పెట్ట తర్వాత నాలుగేళ్లు ఆ వేలితోనే నేల కెలికింది. అప్పటి నుంచి ఏ కోడి కాలినైనా ముందు వాసన చూస్తాను, మీరు నవ్వినా సరే.

నిజంగా చచ్చిపోతున్న వేలు తీరు వేరు. మొదట వాస్తుంది, తర్వాత నీలం తిరుగుతుంది, ఆ మీదట నల్లబడి, చల్లబడి, ఎండు కొమ్మలా ముడుచుకుపోతుంది. బతికిన భాగానికీ చచ్చిన భాగానికీ నడుమ గీత గీసినట్టు హద్దు కనిపిస్తుంది. తడిగా కుళ్లుతుంటే వాసనే చెబుతుంది. వేడి చూసేటప్పుడు ఒక్క కాలినే ముట్టుకుని తేల్చవద్దు. కోడి ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది కానీ పాదాల వేడి బయటి గాలిని బట్టి మారుతుంది. రెండు చేతులతో రెండు పాదాలనూ ఒకేసారి పట్టుకోండి. దెబ్బ తగిలిన కాలు రెండోదానికన్నా కాస్త వెచ్చగా ఉంటే అది వాపు. బాగా వేడిగా ఉంటే చీము పడుతోందని అనుమానించాలి. చల్లగా ఉంటే రక్తం అందడం లేదు, అదీ కంగారు పడవలసిన విషయం. ఎండి నల్లబడ్డ వేలిని కూడా లాగవద్దు. తరచుగా అది దానంతట అదే రాలిపోతుంది. తీయవలసి వస్తే మత్తు ఇచ్చి తీయడం పశువైద్యుడి పని.

ఇక మీ పెట్ట దగ్గరకు వద్దాం. దాన్ని పగటిపూట తరిమి పట్టుకోవద్దు. ఇప్పటికే కాలు బాగాలేదు, పరుగెత్తితే మిగిలినదీ చెడుతుంది. చీకటి పడ్డాక కునుకుతున్నప్పుడు ఎత్తుకోండి. చీకట్లో కోడికి చూపు ఆనదు, పెనుగులాడదు. తువ్వాలు తల మీదుగా కప్పి, రెక్కలు ఒంటికి ఆనించి చుట్టి ఒళ్లో పెట్టుకోండి. రొమ్ము మీద మాత్రం బిగించవద్దు. కోడికి మనకున్నట్టు ఉదరవితానం, అంటే ఊపిరి పీల్చడానికి తోడ్పడే కండరపు పొర, ఉండదు. రొమ్ము ఎముక కదిలితేనే గాలి లోపలికి వెళ్తుంది. గట్టిగా అదిమి పట్టుకుంటే అరవను కూడా అరవకుండా ఊపిరాడక పోతుంది. చాలామంది “భయంతో గుండె ఆగిపోయింది” అనుకునేవాటిలో కొన్ని ఇలా పోయినవే. వెల్లకిలా కూడా ఎక్కువసేపు ఉంచవద్దు.

వేళ్లు విప్పి చూడటానికి బలప్రయోగం అక్కర్లేదు. కాలు మడిచి పట్టుకుంటే వేళ్లు పిడికిలిలా ముడుచుకుంటాయి, ఎందుకంటే వేళ్లను ముడిచే స్నాయువులు పైకీళ్ల వెనుకగా వస్తాయి. కీలు మడిస్తే అవి బిగుసుకుంటాయి. దండెం మీద కోడి పడకుండా కూర్చోవడానికి తోడ్పడేదీ ఈ ఏర్పాటే. కాలు మెల్లగా చాచండి, వేళ్లు వాటంతట అవే విచ్చుకుంటాయి. విచ్చుకోకపోతే, లేదా ఒక్క వేలు మాత్రం ముడుచుకోకుండా వేలాడుతుంటే, ఆ వేలి స్నాయువు తెగి ఉండవచ్చు. అది ఇంట్లో బాగుచేసేది కాదు.

మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో, ప్రతి వేలి మొదలూ చుట్టూ తిప్పి చూడండి. నేను వెతికేది ఒక్కటే: దారం. తెగిన గోనె పోగు, పొడవైన తలవెంట్రుక, ప్లాస్టిక్ తీగ, ఏదైనా కావచ్చు. వేలికి చుట్టుకుంటే వాపుతో మాంసంలోకి దిగిపోయి, పైకి చిన్న నొక్కులా మాత్రమే కనిపిస్తుంది. ఆ నొక్కుకు అవతల వేలు గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. దెబ్బ తగిలిందని వారంపాటు మందు రాసి, చివరికి లోపల వెంట్రుక దొరికిన వాళ్లు నాకు ఒకరిద్దరు కాదు తెలిసింది. దొరికితే గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, సన్నమొన కత్తెరతో వేలి పైభాగాన కత్తిరించండి. రక్తనాళాలు వేలికి రెండు పక్కలా నడుస్తాయి, అందుకని పక్కల నుంచి గుచ్చవద్దు. ఒక పోగు తీయగానే అయిపోయిందనుకోవద్దు, చాలాసార్లు రెండు మూడు చుట్లు ఉంటాయి.

గోరు సంగతి. ఊడిపోయింది పైతొడుగు. లోపల కనిపించే ఎర్రటి మొనలో రక్తనాళం, నరం రెండూ ఉంటాయి, అందుకే అంత రక్తం, అంత నొప్పి. ఇప్పుడు గడ్డకట్టి ఉంటే దాన్ని గీకవద్దు. మళ్లీ ఎక్కడైనా తగిలి కారితే శుభ్రమైన గుడ్డతో వేలి కొసను అదిమి పట్టి ఐదు నిమిషాలు గడియారం చూస్తూ కూర్చోండి. అరనిమిషానికోసారి ఎత్తి చూస్తే అది ఎప్పటికీ ఆగదు. ఆగకపోతే గోళ్లకు వాడే రక్తం ఆపే పొడి, లేకపోతే మొక్కజొన్న పిండి కొసకు అద్ది మళ్లీ అదమండి. ఈ పొడులు గోటి కొసకే. చర్మం చీలిన చోట, లోతైన గాయంలో ఏ పొడీ కూరవద్దు. లోపల ముద్దకట్టి మురికిని పట్టి ఉంచుతుంది. రెండు కిలోల కోడి ఒంట్లో ఉండే రక్తం సుమారు 120 నుంచి 160 మిల్లీలీటర్లు. అందులో పదోవంతు, అంటే దాదాపు ఒక టేబుల్‌స్పూన్, పోయినా ఆరోగ్యంగా ఉన్న పెట్ట తట్టుకుంటుంది. తెల్లని గచ్చు మీద ఒక టేబుల్‌స్పూన్ రక్తం చూస్తే మనకు ప్రాణం పోయినంత పనవుతుంది, అది వేరే విషయం.

కడగడానికి ఉప్పునీళ్లు చాలు. లీటరు నీళ్లు మరగబెట్టి, తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే చదును చేసిన ఒకటిన్నర టీస్పూను, కలిపి చల్లార్చండి. సూది తీసేసిన సిరంజితో గాయంలోకి ధారగా కొట్టండి. మురికి పోవడమే మందులో సగం. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను పాలు కలపని పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లలో పల్చన చేసి అద్దండి. చిక్కగా పోస్తే క్రిములతో పాటు మానుతున్న కణాలూ చస్తాయి. హైడ్రోజన్ పెరాక్సైడ్ పొంగు చూడటానికి బాగుంటుంది, గాయానికి చెడ్డది. స్పిరిట్ అసలే వద్దు. పూత మందు కొనేటప్పుడు పెట్టె మీద చదవండి: బెంజొకెయిన్ లాంటి “కెయిన్”తో ముగిసే మత్తుమందు కలిసినది పక్షులకు వద్దు, వాటి చిన్న ఒంటికి మోతాదు తేలిగ్గా మించిపోతుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. కోడి కాలిలో చీము పట్టించే స్టఫైలోకాకస్ అనే క్రిమి మీ వేలి గాయంలోకీ రాగలదు.

వంగిన వేలు అసలు సమస్య. కోడి మధ్య వేలిలో గోటి ఎముకతో కలిపి నాలుగు ఎముకలుంటాయి. వెనుక వేలిలో రెండు, లోపలి వేలిలో మూడు, బయటి వేలిలో ఐదు. ఈ లెక్క ఎందుకంటే, వంపు ఎక్కడుందో చూసి అది కీలు దగ్గరో, ఎముక నడుమో తేల్చుకోవాలి. రెండో కాలి అదే వేలిని పక్కన పెట్టుకుని పోల్చండి. కీలు దగ్గరే వంగి, మెల్లగా సర్దితే తిన్నగా నిలబడుతుంటే జారిన కీలు కావచ్చు. కీలు లేని చోట వంగితే, లేదా తాకినప్పుడు లోపల ఇసుక నలిగినట్టు తెలిస్తే విరిగినట్టే. ఎముక మొన చర్మం చీల్చుకుని బయటికి కనిపిస్తే ఇక్కడ చదవడం ఆపి పక్షులను చూసే పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి.

చర్మం చీలకుండా లోపలే విరిగిన ఎముకకు కట్టు ఇంట్లో వేయవచ్చు. మనుషులకు చేసినట్టు పక్క వేలితో కలిపి కట్టేయవద్దు. కోడి వేళ్లు విచ్చుకుని ఉంటేనే దానికి నిలకడ. రెండు వేళ్లు ఒకటిగా అతికిస్తే పక్కకు తూలుతుంది, నడుమ చర్మం చెమ్మగిల్లి పుండవుతుంది. నేను పాదానికి ఒక అట్ట చెప్పు చేస్తాను. గట్టి అట్ట మీద మంచి కాలిని పరిచి గీత గీసి, దాన్ని తిరగేసి, వేళ్ల కొసల దగ్గర కొద్దిగా వదిలి కత్తిరిస్తాను. పైన పల్చగా దూది, దాని మీద గాజుగుడ్డ. దెబ్బ తగిలిన పాదాన్ని దాని మీద వేళ్లు సహజంగా విచ్చుకున్నట్టు పెట్టి, వంగిన వేలిని తిన్నగా సర్ది, ఒక్కో వేలిని సన్నటి పట్టీతో అట్టకు పట్టిస్తాను. పట్టీ వెడల్పు ఒక సెంటీమీటరు చాలు. తనకు తానే అతుక్కునే రకమైతే మంచిది, ఈకలకూ చర్మానికీ అంటదు.

అయితే ఆ పట్టీతోనే అసలు ప్రమాదం. అది చుట్ట నుంచి లాగుతున్నప్పుడే సాగుతుంది. సాగినదాన్ని అలాగే చుడితే తర్వాత గంటల తరబడి మెల్లగా బిగుస్తూనే ఉంటుంది. నా చేతుల్లో ఒక కోడి వేలు పోయిందంటే ఇందువల్లే. గాయం చిన్నదే, గోటి మొదట్లో గీత. బాగా చేయాలన్న తాపత్రయంతో మూడు చుట్లు ఎక్కువ చుట్టి, పై నుంచి పని బాగుందని మురిసిపోయి, రెండు రోజులు విప్పలేదు. విప్పేసరికి కొస నల్లగా ఉంది. దెబ్బ తియ్యని వేలిని నా కట్టు తీసింది. ఇన్నేళ్లలో నేను చూసిన చెడిపోయిన పాదాల్లో దెబ్బతో చెడినవాటికన్నా మన చేతుల వల్ల చెడినవే ఎక్కువ అని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

కాబట్టి పట్టీని ముందు చుట్ట నుంచి పూర్తిగా విప్పి వదులుగా వేలాడనివ్వండి, ఆ తర్వాత సాగదీయకుండా వేయండి. వేళ్ల కొసలు బయటికి కనబడాలి. కట్టిన రెండు గంటలకు ఒకసారి, మర్నాడు ఉదయం ఒకసారి ఆ కొసలు ముట్టుకుని చూడండి. ఉబ్బినా, చల్లబడినా, రంగు ముదిరినా వెంటనే కత్తిరించి తీసేసి, మళ్లీ వదులుగా వేయండి. కట్టు వదులై జారిపోతే పోయేది పది నిమిషాల శ్రమ. గోటి పుండు మీద అంటుకోని రకం గాజుగుడ్డ పెట్టండి, లేకపోతే కట్టు మార్చిన ప్రతిసారీ గోరు మొన మళ్లీ చిట్లుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు రోజూ మార్చండి, తర్వాత రోజు విడిచి రోజు. తడిస్తే ఏ వేళైనా మార్చవలసిందే. అట్ట చెప్పు రెండు మూడు వారాలు ఉంచాలి; పక్షుల ఎముక మన ఎముకకన్నా త్వరగా అతుకుతుంది. అతికాక వేలు కాస్త వంకరగా మిగిలినా బాధపడకండి. అందం మనకే కావాలి, దానికి నేల తవ్వగలిగితే చాలు.

ఈ రోజుల్లో దాన్ని మిగతా కోళ్ల నుంచి వేరుగా ఉంచడం కట్టుకన్నా ముఖ్యం. ఎర్రగా కనబడినదాన్ని పొడవడం కోడి గుణం. మందలో ఒకటి రక్తపు చుక్కను కనిపెట్టిందంటే మిగతావి వరసకడతాయి, నిన్నటిదాకా పక్కన పడుకున్నవే వేలిని ఎముక దాకా తింటాయి. కానీ గదిలో ఒంటరిగా బంధించవద్దు. మందకు ఎదురుగా, తీగల అడ్డు వెనుక, చూసుకునేలా ఉంచండి. కనుమరుగైన కోడి తిరిగి వచ్చినప్పుడు దాన్ని కొత్తదానిలా చూసి తరుముతాయి. ఆ బోనులో దండెం పెట్టవద్దు. ఎక్కి దూకితే కట్టు వదిలిపోతుంది. కింద పొడి పొట్టు మందంగా పరచండి, తడిసిన చోటు తీసేస్తూ ఉండండి. నీళ్లు, దాణా రెండడుగుల లోపు అందాలి. నొప్పితో ఉన్న కోడి దాహమేసినా లేవకుండా ఊరుకుంటుంది, అలా రెండు రోజుల్లో నీరసించిపోతుంది.

ఈగలు ఉన్న కాలమైతే రోజుకు రెండుసార్లు గాయం అంచులు చూడండి. తెల్లని సన్నటి గింజల్లాంటి గుడ్లు కనబడితే వెంటనే కడిగి తీయాలి. ఒక్క రోజులోనే అవి పురుగులై మాంసంలోకి దూరుతాయి. రెట్ట అంటిన వెనుక ఈకలూ చూడండి, ఈగలు ముందు వాలేది అక్కడే.

నొప్పికి ఏమివ్వాలి అని మీరు అడగలేదు కానీ అడిగేవారు ఎక్కువ. మన ఇంట్లో ఉన్న మాత్ర చిదిమి వేయవద్దు. డైక్లోఫెనాక్ గురించి గట్టిగా చెబుతున్నాను: దక్షిణాసియాలో రాబందుల సంతతి కుప్పకూలడానికి కారణమైన మందు అదే, కోళ్ల మూత్రపిండాలనూ అది దెబ్బతీస్తుంది. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది, కారుతున్న గాయానికి అదీ తగదు. పక్షులకు నొప్పి తగ్గించడానికి పశువైద్యులు మెలాక్సికాం లాంటిది బరువును బట్టి లెక్కగట్టి ఇస్తారు. యాంటీబయాటిక్ కూడా అంతే. శుభ్రంగా ఉన్న గాయానికి అది అవసరమే ఉండదు. అవసరమైనప్పుడు ఏది, ఎన్ని రోజులు అన్నది వైద్యుడే చెప్పాలి. మందు వాడుతున్నన్ని రోజులూ, ఆ తర్వాత వైద్యుడు చెప్పినన్ని రోజులూ గుడ్లు తినకూడదు, ఎవరికీ ఇవ్వకూడదు. ఈ మాట ముందే అడిగి రాసుకోండి.

ఇప్పుడు అందరూ మరిచిపోయే రెండో కాలు. మీ పెట్ట మూడు వారాలు బరువంతా మంచి కాలి మీద వేస్తుంది. ఆ అరికాలి మెత్తటి గద్దె మీద చర్మం ఒత్తిడికి పల్చబడి, ఎక్కడో చిన్న పగులు వచ్చి, స్టఫైలోకాకస్ ఆరియస్ లోపలికి దిగితే అరికాలి గడ్డ అవుతుంది. కోళ్ల పెంపకందారులు బంబుల్‌ఫుట్ అనేది దీన్నే. మొదట అరికాలు నున్నగా మెరుస్తుంది, గుళ్లగుళ్లగా ఉండే పొలుసుల గరుకుదనం పోతుంది. తర్వాత ఎర్రబడుతుంది. ఆ తర్వాత నడిమధ్య నల్లటి పెచ్చు కడుతుంది, చుట్టూ గట్టిపడుతుంది. కట్టు మార్చిన ప్రతిసారీ రెండో అరికాలినీ తిప్పి చూడటం అర నిమిషం పని.

మెరుపు, ఎరుపు దశలో పట్టుకుంటే సులువు. మెత్తని పొట్టు, శుభ్రత, గోరువెచ్చని నీళ్లలో లీటరుకు రెండు టేబుల్‌స్పూన్ల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి పది పదిహేను నిమిషాలు పాదం నానబెట్టడం, ఆరబెట్టి పల్చని మెత్తతో కట్టు. ఆ నీళ్లు తాగనివ్వకండి, విరేచనాలు అవుతాయి. నల్ల పెచ్చు పడి లోపల గట్టిగా తగులుతుంటే దారి వేరు. కోడి చీము మనలా నీరుగా కారదు. ఆరిన జున్ను ముక్కలా గట్టిపడి లోపల వేళ్లూనుతుంది. అందుకే గుచ్చి పిండితే ఏమీ రాదు, పిండిన ఒత్తిడికి క్రిమి ఇంకా లోపలికి, స్నాయువుల తొడుగుల్లోకి పోతుంది. అరికాలి గడ్డను ఇంట్లో బ్లేడుతో తవ్వే వాళ్ల మాటలు మీరు చదివి ఉంటారు. మత్తు లేకుండా అది చేయడం కోడికి నరకం, పైగా సగం మూలం లోపలే మిగిలిపోతుంది. నానబెట్టాక పెచ్చు దానంతట అదే లేచివస్తే తీయండి. రాకపోతే వైద్యుడిదే పని. ఎముకకు సోకాక ఎవరు చేసినా ఫలితం అంతంతమాత్రమే.

మీ పెట్టకు కారణం కళ్లెదుటే ఉంది కాబట్టి సరిపోయింది. దెబ్బ ఏదీ కనబడకుండా కుంటే కోళ్ల విషయంలో పాదాన్నే పట్టుకుని కూర్చోకూడదు. ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడిపోయే పడుచు కోడికి మారెక్స్ అనే, నరాలను దెబ్బతీసే వైరస్ వ్యాధి అనుమానించాలి. కీళ్లు ఉబ్బి లోపల తెల్లటి సుద్దలాంటిది కనబడితే గౌట్, అంటే కీళ్లలో యూరిక్ ఆమ్లం పేరుకునే జబ్బు. కాళ్ల పొలుసులు లేచి, గరుకుగా, బూడిదరంగు పొక్కులు కట్టినట్టుంటే నెమిడోకాప్టిస్ అనే నల్లిజాతి పురుగు పొలుసుల కింద కాపురం పెట్టింది. వేళ్లు ఊడేదాకా రానివ్వకండి. పెట్రోలియం జెల్లీ వారాల తరబడి రాయాలి, మందలోని కోళ్లన్నిటినీ ఒకేసారి చూడాలి. కిరసనాయిలు పూయడం మానండి, చర్మం కాలుతుంది. రోజుల కోడిపిల్లల్లో వేళ్లు రెండు కాళ్లకూ లోపలికి ముడుచుకుపోతుంటే విటమిన్ బి2, అంటే రైబోఫ్లేవిన్, లోపం చూడాలి. తొందరగా ఇస్తే తిరుగుతుంది, ఆలస్యమైతే నరం శాశ్వతంగా చెడుతుంది.

మీ పెట్ట విషయంలో వైద్యుడి దగ్గరకు ఎప్పుడు వెళ్లాలంటే: మేత మానేస్తే, రక్తం పది పదిహేను నిమిషాలు అదిమినా ఆగకపోతే, వాపు వేలి నుంచి కాలి పైకి ఎక్కుతుంటే, వాసన వస్తే, మూడో నాలుగో రోజుకు కూడా కాలు నేల మీద అసలు ఆనించకపోతే. కోడి నొప్పిని దాచుకునే జీవి. మందలో బలహీనంగా కనబడితే ప్రాణానికే ముప్పు కదా. అందుకే అది కళ్లు మూసుకుని, ఈకలు ఉబ్బించి, ఒక మూలన నిలబడిందంటే, “కాస్త నలతగా ఉంది” అనుకోవద్దు. చాలా ముదిరిందని లెక్క.

ఈలోగా ఆ జాలీ సంగతి చూడండి. వేలు దూరి తిరిగి రాలేని కన్ను ఏదో దానిలో ఉంది. నేల భాగాన తీగ ఉంటే దాని మీద పలక వేయండి, తెగిన మొనలు లోపలికి వంచండి. దండెం కూడా ఒకసారి కొలవండి: రెండంగుళాల వెడల్పు, అంచులు గుండ్రంగా చెక్కినది పాదానికి హాయి. ఎత్తు అడుగున్నరకు మించకపోతే బరువైన పెట్టలు దూకినప్పుడు అరికాళ్లు నలగవు.

మూడో వారం చివర చెప్పు తీసేశాక రెండు రోజులు బోనులోనే నడవనివ్వండి. మొదట పాదాన్ని ఎత్తి విదిలిస్తుంది, కట్టు ఇంకా ఉందనుకుని. ఆ తర్వాత ఒక సాయంత్రం, మంద గూటికి చేరి సర్దుకున్నాక, దాన్ని దండెం చివర కూర్చోబెట్టండి. తెల్లారేసరికి కొత్తగా వచ్చినట్టు ఎవరికీ అనిపించదు. కొత్త గోరు రావడానికి నెలలు పడుతుంది. వచ్చినా పాతదంత తిన్నగా ఉండకపోవచ్చు, ఒక పక్క ఎక్కువ పెరిగితే కొస మాత్రం కొద్దికొద్దిగా అరగదీయండి.